పదును చూసి పరుగు

"అడుసు తొక్కనేల, కాలు కడగనేల" అన్నాడు పందెం పెట్టిన సంఘం పెద్దమనిషి మైకు ముందు నిలబడి. అందరూ నవ్వారు. ఆయన వెనకాల కట్టిన బ్యానరు మీదేమో 'క్రాస్ కంట్రీ' అని మూరెడేసి అక్షరాలు. పోయిన ఆదివారం కర్నూలు శివార్లలో కాలేజీ పిల్లలకు పెట్టిన పందెం సంగతి ఇది. ముందు రోజు రాత్రి వాన దంచింది, పందెం పెడదామనుకున్న రేగడి చేను అడుసైంది. అంతే, పందెం మొత్తాన్ని ఎత్తుకెళ్లి తారు రోడ్డు మీద పెట్టారు. పిల్లలు లారీల పక్కన పరుగెత్తి, పతకాలు మెడలో వేయించుకుని, మురికంటని సాక్సులతో ఇళ్లకు పోయారు.

నాకు ఒళ్లు మండింది. ఏడాది పొడుగునా కలిపినా ఏడు వందల మిల్లీమీటర్లకు అటూ ఇటూ వాన పడే జిల్లాలు మనవి. ఇక్కడ బురద దొరకడమే గొప్ప. దొరికిన ఆ కాస్త బురదను చూసి తారు మీదికి పారిపోతే ఇక ఆ పేరెందుకు? 'రోడ్డు పరుగు' అని పెట్టుకుంటే ఎవరు కాదన్నారు? ఇంగ్లండులో రగ్బీ బడి పిల్లలు 1837లోనే పొలాలకు అడ్డంపడి 'క్రిక్ రన్' పరుగెత్తారు. 1912, 1920, 1924 ఒలింపిక్స్‌లో క్రాస్ కంట్రీ ఉండేది. ఆఖరిసారి పారిస్‌లో 38 మంది బయల్దేరితే గీత దాటింది 15 మందే. ఫిన్లండ్ వీరుడు పావో నుర్మి గెలిచాడు. దారిలో పడిపోయినవాళ్లను చూసి బెదిరిపోయి ఆ పందేన్నే ఒలింపిక్స్ నుంచి తీసేశారు. అయితే ఆ రోజు వాళ్లను పడగొట్టింది బురద కాదు, ఎండ. ఎండే పరీక్ష అయితే మన కడపను మించిన వేదిక ఎక్కడ దొరుకుతుందో నాకు తెలీదు, అది వేరే సంగతి.

ఈ కాలమ్ పాత పాఠకులకు నా పిచ్చి తెలిసిందే. బూట్ల కొట్టు వైపు చూసే చూపులో సగం చీలమండల వైపు చూడమంటాను. ట్రెడ్‌మిల్లు గురించి మళ్లీ ఎత్తను, పోయినసారి వచ్చిన ఉత్తరాలు చాలు. బురద పందేనికి తయారయ్యే కుర్రాడికి నేను చెప్పేది రెండు మూడు మాటలే. వారానికి రెండు రోజులు పెన్న ఇసకలో చెప్పుల్లేకుండా పరుగెత్తు. పుష్పగిరి దగ్గరైనా సరే, ప్రొద్దుటూరు దగ్గరైనా సరే. కాలి కింద నేల కదిలిపోతుంటే నిలదొక్కుకోవడం మడమకు ఇసకే నేర్పుతుంది. మిగతా రోజులు కాలవ గట్టు పట్టుకో. సుంకేసుల నుంచి కడప దాకా మూడు వందల కిలోమీటర్ల పైచిలుకు కేసీ కెనాల్ ఉంది మనకు. పంతొమ్మిదో శతాబ్దంలో ఒక ప్రైవేటు కంపెనీ సేద్యానికీ పడవలకూ కలిపి తవ్వించి, లాభం రాక 1882లో సర్కారుకు అప్పజెప్పిన కాలవ. పడవలు ఎప్పుడో పోయాయి, గట్టు మాత్రం మనకు మిగిలింది.

బురదలో అడుగు చిన్నది వెయ్యాలి, గబగబా వెయ్యాలి. వేళ్లతో నేలను తన్నబోతే కాలు వెనక్కి జారుతుంది. చూపు పాదాల మీద కాక నాలుగైదు గజాల ముందు ఉండాలి. చేతులు రెక్కల్లా చాచుకున్నా ఎవరూ నవ్వరు. బూట్ల తాళ్లు రెండు ముళ్లు వేసి మీద ప్లాస్టరు చుట్టాలి, లేకపోతే బూటు బురదలోనే ఉండిపోయి కాలొక్కటే బయటికొస్తుంది. సర్కారు తుమ్మ ముల్లు బురద కింద కనబడదు కాబట్టి ధనుర్వాతం సూది ముందే వేయించుకోవాలి. పందెం పొద్దున ఉగ్గాని కొంచెం తినొచ్చు, పక్కనున్న బజ్జీ జోలికి పోకూడదు. పందెం అయ్యాక తడి ఉండగానే బూట్లు కడిగి లోపల పాత పేపరు కుక్కాలి. ఈ కాలమ్ ఉన్న పేజీ అయినా నాకేమీ బాధ లేదు.

బురదలో నడక నిజంగా తెలిసినవాళ్లను చూడాలంటే స్టేడియానికి పోనక్కర్లేదు. తొలకరికి తుగ్గలి, జొన్నగిరి వైపు పోవాలి. మే నెలాఖరులో, జూన్‌లో గట్టి వాన పడిన మర్నాడు అక్కడ చేలల్లో జనమే జనం. వజ్రాల వేట. అనంతపురం నుంచి వస్తారు, బళ్లారి నుంచి వస్తారు, గుళ్ల ముందూ చెట్ల కిందా పడుకుని తెల్లారేసరికి చేలోకి దిగుతారు. వాన పైమట్టిని కడిగేస్తే రాళ్లు తేలతాయి, వాలుగా పడే ఎండలో ఏదో ఒకటి తళుక్కుమంటుందని ఆశ. దొరికినవాళ్ల కథలు పేపర్లలో వస్తాయి. దొరకనివాళ్లు మళ్లీ ఏడాదీ వస్తారు.

ఒకసారి ఆ జనంలో నేనూ తిరిగాను, వజ్రం కోసం కాదంటే మీరు నమ్మరు. నా ముందు ఒక పెద్దావిడ నడుస్తోంది. చీర కుచ్చిళ్లు మోకాళ్ల పైకి దోపుకుంది, చెప్పులు చేతి సంచిలో ఉన్నాయి. పాదం మొత్తం ఒకేసారి ఆనించడం లేదు. ముందు బయటి అంచు పెట్టి, నేల ఎంత మెత్తగా ఉందో చూసుకుని, అప్పుడు బరువు వేస్తోంది. తీసేటప్పుడు మడమను కొంచెం పక్కకు తిప్పి తీస్తోంది, పట్టు వదిలి పాదం సులువుగా వస్తోంది. కంది మొక్కల సాలు వచ్చినప్పుడల్లా పక్కకు జరిగి రాళ్ల మీదనే అడుగు పెడుతోంది. ఆమె వెనకాలే ముగ్గురు కుర్రాళ్లు, కొత్త బూట్లతో, ఆ మొలకల మీదనే నడిచారు. గట్టు మీద నుంచి చేనాయన కర్ర పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. ఆ కుర్రాళ్లు ఆ రోజు పెట్టిన పరుగు ఏ పందెంలోనైనా పతకం తెచ్చేది.

అక్కడివి ఎక్కువగా ఎర్ర నేలలు. ఎర్రనేల నీళ్లను కిందికి దించుకుంటుంది, వాన వెలిసిన పూటకల్లా నడకకు వస్తుంది. మరి రేగడి? నంద్యాల, కోవెలకుంట్ల, జమ్మలమడుగు వైపు పుట్టినవాళ్లకు చెప్పనక్కర్లేదు. మొదటి అడుగు బాగానే పడుతుంది. నాలుగో అడుగుకు అరికాలి కింద అట్ట కడుతుంది. పదో అడుగుకు ఆ అట్ట పక్కలకు పొంగి, జొన్న కొయ్యకాళ్లనూ గడ్డినీ కలుపుకుని, కాలెత్తబోతే నడుము పట్టేంత బరువవుతుంది. పుల్లతో గీకితే పుల్లకు అంటుకుంటుంది గానీ రాలదు. పదిహేను మిల్లీమీటర్ల మేకులున్న స్పైక్ బూట్లు వేసుకున్నా లాభం లేదు, మేకుల సందుల్లో మట్టి కూరుకుపోయి అడుగు చదునైపోతుంది. ఆ మట్టిలో బంకమన్ను పాలు అంత ఎక్కువ. నీళ్లు తాగి ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోయి కాలు దిగేంత నెర్రెలిస్తుంది.

అయినా సరే, పిల్లలు అందులోనే పరుగెత్తాల్సిందని రాసి ముగిద్దామనుకున్నాను. ముందు మా కోవెలకుంట్ల మామకు ఫోన్ చేశాను. ఈయన మీకు కొత్త కాదు, గాలిపటాల కాలమ్‌లో నన్ను తిట్టిన మామే. నా వైపు మాట్లాడతాడని ఆశపడి సంగతంతా చెప్పాను.

"ఆ సేను ఎవురిది అల్లుడా?" అన్నాడు.

ఆ మాట పందెం దగ్గర ఎవరి నోటా రాలేదు.

"వాన బడి ఒక్క దినం గూడా కాలేదు. పదునుకు రాకముందే రేగట్లోకి మేమే దిగం, ఎద్దును గూడా దింపం. వంద మంది తొక్కితే అడుగున గచ్చు మాదిరి అయితాది. పైన నీళ్లు దిగవు, కింద యేరు పోదు. ఆయప్ప శెనగ ఏడ యేసుకోవల్ల?"

"ఇంగ్లండులో బురదలోనే పరుగెత్తుతారు మామా."

"ఆడ కింద గెడ్డి ఉంటాదిలే."

దీనికి నా దగ్గర జవాబు లేదు. వాళ్లవి పశువులు మేసే బీళ్లు. పైన ఎంత చిత్తడైనా కింద గడ్డి వేళ్లు మట్టిని పట్టి ఉంచుతాయి. స్పైక్ బూటు మేకులు పట్టు దొరికించుకునేది ఆ వేళ్లలోనే. మన రేగడి దున్ని పెట్టిన నేల. అందుకే మనవాళ్లు పాత రోజుల నుంచీ వానాకాలమంతా ఆ చేలను బీడు పెట్టి, ఆశ్వయుజ కార్తీకాల్లో తడి ఆరి పదునుకొచ్చాక శనగ విత్తుతారు. 1972లో పటాన్‌చెరులో మొదలైన ఇక్రిశాట్ వాళ్లు ఎత్తు మడులు, మధ్యలో కాలువలు అని ఏళ్ల తరబడి ప్రయోగాలు చేసింది కూడా ఈ నేల నుంచి వాననీళ్లను ఎలా తప్పించాలా అనే. ఇంత చదివినవాళ్లూ, ఇన్ని తరాల రైతులూ అడుగు పెట్టడానికి జంకే చోట మన పిల్లలను పది కిలోమీటర్లు పరుగెత్తమనడం వీరత్వమేమీ కాదు.

కాబట్టి ఆ పెద్దమనిషి చేలోకి దిగకపోవడం సరైన పనే, ఆయన చెప్పిన కారణం మాత్రం తప్పు. కాలు కడుక్కోవలసి వస్తుందని కాదు, చేను పాడవుతుందని ఆగాలి. అలాగని దానికి మందు తారు రోడ్డూ కాదు. తారు మీద పరుగెత్తినవాడిని రేపు రాష్ట్ర పోటీలకు పంపితే, గుంటలూ వాలులూ ఎదురయ్యేసరికి మడమ మెలిక పడి కూర్చుంటాడు. పైగా ఇది జట్టు పందెం. ఎన్నో స్థానంలో వచ్చారో ఆ అంకెలన్నీ కలిపి, తక్కువ మొత్తం వచ్చిన జట్టును గెలిపిస్తారు. ఒక్కడు కుంటితే నలుగురి కష్టం పోతుంది.

వాన పడినా తట్టుకునే చోట్లు మనకు లేకపోలేదు. కర్నూలు పక్కన జగన్నాథగట్టు వాలు ఉంది, గరుసు నేల. కడప చుట్టూ పాలకొండల పాదాల దగ్గర ఎర్రమట్టి బాటలున్నాయి. కాలవ గట్లు సరేసరి. అక్కడ బురద పాదాన్ని జారుస్తుంది, చిందుతుంది, మొహం మీద పడుతుంది, కానీ మనిషిని కదలనిస్తుంది. పిల్లలకు కావాల్సిన బురద అది.

సంఘాల వాళ్లకు నా విన్నపం ఒక్కటే. వచ్చే ఏడాది తేదీ ఖాయం చేసేముందు టేపు పట్టుకుని నేల కొలవడంతో సరిపెట్టకండి. ఆ ఊరి రైతును ఒకరిని వెంట తీసుకెళ్లి చూపించండి. రేగట్లోనే పెట్టి తీరాలనుకుంటే సంక్రాంతి దాటి శనగ కోత అయ్యేదాకా ఆగండి. అప్పుడు బురద ఉండదు, నెర్రెలుంటాయి. వాటి మీద పరుగుకు తయారవడం వేరే కథ, అది వచ్చే వారం.