మేడి లేని నాగలి

ఇరవై గజాలు దున్నాడో లేదో, బాబాయి ట్రాక్టర్ ఆపేశాడు. ఇంజను బంద్ చేసి, సీటు కింది పానా అందుకుని దిగాడు. వెనక్కి నడిచొచ్చి దున్నిన చోట మోకాళ్ల మీద కూర్చున్నాడు. చాలు అడుగున జాన పెట్టి లోతు చూశాడు. తర్వాత పక్కనే తిరగబడి ఉన్న మట్టిలోకి మోచేతి దాకా చెయ్యి దూర్చి, లోపల దేనికోసమో తడిమాడు.

"ముక్కు కిందికుంది" అన్నాడు.

నాకేమీ కనిపించలేదు. నాకు కనిపించిందల్లా ఎర్రమట్టీ, ట్రాక్టర్ వెనకే దిగిన రెండు కొంగలూ. ఆయనకు తెలిసింది ఏమిటంటే, ఆ నాగలికి పని చేసే కర్రులు రెండు. ముందరి కర్రు తీసిన చాలును వెనక కర్రు తిప్పిన మట్టి కప్పేస్తుంది. పైనుంచి చూసేవాడికి వెనక చాలే కనిపిస్తుంది. ముందరి చాలు అడుగు ఎక్కడుందో చెయ్యి పెట్టి వెతుక్కోవాలి. ఆయన వెతికాడు. వెనక దానికంటే రెండు వేళ్ల లోతు ఎక్కువ. టాప్ లింకు లాక్ నట్టు వదులు చేసి రెండు చుట్లు పొడవు పెంచి, మళ్లీ బిగించాడు. ఇంకో ఇరవై గజాలు దున్ని మళ్లీ దిగాడు. ఈసారి ముందరి చాలూ వెనక చాలూ ఒకే మట్టంలో ఉన్నాయి.

మా పొలం ఖమ్మం జిల్లాలో. పైన ఎర్ర చెలక, కింద వాగువైపు నల్లరేగడి. పత్తి అయిపోయాక, మే నెలలో ఒక మంచి వాన పడి నేల పదునెక్కితే రెక్క నాగలి కడతాం. ఏటా కాదు, రెండు మూడేళ్లకోసారి. గొర్రు గానీ రోటవేటర్ గానీ పైపై మట్టినే కలియబెడతాయి. ఏళ్ల తరబడి అదే లోతులో తిరిగితే ఆ కింద నేల బండబారుతుంది. వాన నీళ్లు అక్కడ ఆగిపోతాయి, పత్తి తల్లివేరు అక్కడికి పోయి పక్కకు తిరుగుతుంది. రెక్క నాగలి జానెడు లోతున నేలను పెళ్లగా కోసి, ఎత్తి, బోర్లా వేస్తుంది. గరిక, రాలిన ఆకు, పత్తి మోళ్లు లోపలికి పోతాయి. లోపల నిద్రపోతున్న పురుగుల కోశాలు బయటపడి ఎండకు మాడతాయి, లేదా కొంగల పాలవుతాయి. రోటవేటర్ దున్నితే పొలం పిండి ఆరబోసినట్టు కంటికి ఇంపుగా ఉంటుంది, అందుకే అందరికీ అదంటే మోజు. నాకు మాత్రం దాన్ని దుక్కి అనడానికి నోరు రాదు.

రెక్క నాగలిని ఆపి ఉన్నప్పుడు దగ్గరగా చూడాలి. కింద నేలను కోసేది కర్రు. దాని వెనక, కోసిన పెళ్లను ఎక్కించుకుని తిప్పేది రెక్క. కింద దాదాపు పడుకుని మొదలై, పైకి పోయేకొద్దీ మెలి తిరిగి బయటికి వాలే ఇనుప పలక. ఆ మెలికలో ఎంత బుర్ర పెట్టారో చెప్పడానికి ఒక్క సంగతి చాలు. థామస్ జెఫర్సన్ అమెరికా అధ్యక్షుడు కావడానికి చాలా ముందు, 1788లో ఫ్రాన్సు మీదుగా ప్రయాణిస్తూ అక్కడి రైతుల నాగళ్ల రెక్కలు మోటుగా ఉండటం గమనించాడు. మట్టి తక్కువ శ్రమతో పైకెక్కి తిరగబడాలంటే రెక్కకు ఏ వంపు ఉండాలో లెక్క కట్టడం మొదలుపెట్టాడు. ఏ వడ్రంగైనా చెక్కుకోగలిగేలా ఆ పద్ధతిని రాసి పంపేసరికి 1798 వచ్చింది.

రెక్కకు వెనకవైపు, దున్నని నేల గోడను ఒరుసుకుంటూ పోయే చదును పట్టీ ఒకటి ఉంటుంది. దీన్ని చాలామంది పట్టించుకోరు. మట్టిని కుడికి నెట్టేది ఏదైనా తను ఎడమకు జరగాలి. జరగకుండా గోడకు భుజం ఆనించి నిలబడేది ఈ పట్టీ. పని చేసొచ్చిన నాగలిని చూసి బాబాయి మొదట తడిమేది రెక్కను కాదు, దీన్నే. పట్టీ మొత్తం ఒకే తీరున మెరిస్తే నాగలి తిన్నగా నడిచినట్టు. మడమ దగ్గర ఒక్కచోటే అద్దంలా అరిగిందంటే వంకరగా ఈడ్చుకుంటూ పోయిందని అర్థం.

మా తాత కొయ్య నాగలికి మేడి ఉండేది. ఆయన చెయ్యి దాని మీద నుంచి తీసింది లేదు. నేల గట్టిబడితే ఒక పట్టు, వదులైతే ఒక పట్టు, రాయి తగిలితే ఒక పట్టు. సరిదిద్దుకోవడం అడుగడుగునా జరిగేది. ట్రాక్టర్ నాగలికి మేడి లేదు. దున్నేవాడు దానికి వీపు పెట్టి కూర్చుంటాడు. మరి ఆ దిద్దుబాటంతా ఎటు పోయింది? బోల్టుల్లోకి పోయింది. తాత చెయ్యి రోజంతా చేసిన పనిని బాబాయి పానా మొదటి అరగంటలో చేసెయ్యాలి. అక్కడ తప్పితే ఆ తప్పు పొలమంతా గీతలు గీతలుగా పడుతుంది.

టాప్ లింకు అన్నాను కదా. నాగలి ట్రాక్టర్‌ను మూడు చోట్ల పట్టుకుంటుంది, కింద రెండు చేతులు, పైన ఒకటి. ఇది ఐర్లండ్‌లో పుట్టిన హ్యారీ ఫెర్గూసన్ ఆలోచన. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో, 1917లో, తిండిగింజల సాగు పెంచడానికి ట్రాక్టర్ల పని మెరుగుపరచమని అక్కడి వ్యవసాయ బోర్డు ఆయనకు అప్పగించింది. అప్పట్లో నాగలిని గొలుసుకు కట్టి ఈడ్చేవారు. కర్రు రాయికి తట్టుకుంటే ట్రాక్టర్ ముందు చక్రాలు లేచి నడిపేవాడి మీదికి బోర్లపడేది. మూడు చోట్ల పట్టుకున్న నాగలి అలా కానివ్వదు. నేల కర్రును వెనక్కి లాగినకొద్దీ నాగలి పైభాగం టాప్ లింకు ద్వారా ట్రాక్టర్‌ను ముందుకు నెడుతుంది, ముందు చక్రాలు నేలకు ఆనే ఉంటాయి. 1938లో ఫెర్గూసన్, హెన్రీ ఫోర్డ్ చేతులు కలిపారు. కాగితం మీద ఒప్పందం లేదు, మరుసటేడు ట్రాక్టర్ బయటికొచ్చింది. తర్వాత ఫెర్గూసన్ ఫోర్డ్ కంపెనీ మీద కోర్టుకెక్కాడు, అది వేరే కథ. మన ఊళ్లలో 'మెస్సీ' అని సగమే పిలిచే ట్రాక్టర్ పేరులో మిగతా సగం ఈయనే.

టాప్ లింకు పొట్టిదైతే నాగలి ముక్కు కిందికి వంగుతుంది, ముందరి కర్రు లోతుకు దిగుతుంది, వెనక మడమ గాల్లో తేలుతుంది. పొడవైతే ముక్కు లేచి, నాగలి మడమ మీద జారుతూ పోతుంది. సూత్రం ఇంతే. కానీ ఆ రోజు ముక్కు ఎందుకు కిందికుందో బాబాయి చెప్పాక, సూత్రం తెలియడం వేరు, నాగలి తెలియడం వేరు అనిపించింది. నిరుడు ఎవరో అడిగితే నాగలి ఇచ్చాడట. వాళ్లు అరిగిన కర్రుతోనే దున్నారు. కొత్త కర్రు కొన మడమకంటే ఒకింత కిందికి వంగి ఉంటుంది. కొన నుంచి మడమ దాకా కింద ఒక తిన్నని కడ్డీ ఆనిస్తే, మధ్యలో 3 నుంచి 5 మిల్లీమీటర్ల సందు కనిపిస్తుంది. రెండు రూపాయి బిళ్లలు పేర్చి దూర్చినంత. ఆ సందే నాగలిని నేలలోకి లాగే శక్తి. మన గరప నేలల్లో కొన తొందరగా అరిగి సందు పూడిపోతుంది, నాగలి దిగనంటుంది. అప్పుడు చాలామంది కర్రును వదిలేసి టాప్ లింకును కుదిస్తారు. ముక్కు బలవంతంగా నేలలోకి పోతుంది, డీజిలు దానితోపాటే పోతుంది. బాబాయి కొత్త కర్రు వేయించాడు గానీ, పాత తప్పుకు సరిపెట్టిన టాప్ లింకు అలాగే ఉండిపోయింది.

ఒకప్పుడు అరిగిన కర్రును కమ్మరి కొలిమికి తీసుకెళ్లి సాగగొట్టించుకునేవాళ్లు. ఇప్పటి నాగళ్లకు కర్రు ముక్కున ఒక కడ్డీ ఉంటుంది, అరిగేకొద్దీ ముందుకు జరుపుకోవచ్చు. కర్రు కాల్చి వాత పెట్టడం అనే మాట మాత్రం మిగిలింది, ముఖ్యంగా ఎన్నికల సభల్లో.

రెండో సంగతి నాగలి పక్కవాటు. ఇది నన్ను బాగా బోల్తా కొట్టించింది. ఇంటి ముందు సిమెంటు నేల మీద, కర్రులు బిగించిన నాగలి కాళ్లు నిటారుగా పెడితే చాలదా అనుకున్నాను. చాలదు. దున్నేటప్పుడు ట్రాక్టర్ ఒక పక్క చక్రాలు చాలులో నడుస్తాయి, రెండో పక్కవి గట్టినేల మీద. చక్రాల మధ్య నాలుగడుగుల పైచిలుకు దూరం, రెంటికీ జానెడు ఎత్తు తేడా. అంటే బండి దాదాపు పది డిగ్రీలు వాలి నడుస్తుంది. దానికి కట్టిన నాగలీ వాలుతుంది. నాగలి కాలు నిటారుగా ఉండాల్సింది నేలకు గానీ ట్రాక్టర్‌కు కాదు. కాబట్టి ఇంటి దగ్గర వంకరగా కనిపించేదే చేలో తిన్నగా నిలుస్తుంది. ఏటా పని మొదలుపెట్టే ముందు బాబాయి ఒక పక్క చక్రాల కింద జానెడు ఎత్తు దుంగలు పెట్టి ట్రాక్టర్ ఎక్కిస్తాడు, ఇంటి ముందే చాలు తయారుచేసుకున్నట్టు. అప్పుడు నాగలి దించి, కాళ్లు నేలకు నిటారుగా వచ్చేదాకా, పక్కవాటును పట్టి ఆపే ఆపుడు బోల్టు తిప్పుతాడు.

మాది పల్టీ నాగలి. కింద రెండు కర్రులు, పైన రెండు. గట్టు దగ్గర మళ్లేటప్పుడు లివరు లాగితే పైవి కిందికి, కిందివి పైకి తిరుగుతాయి. పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ మట్టి ఒకే వైపు పడుతుంది. పొలం నడుమ మిట్టా ఉండదు, గుంటా ఉండదు. అంతా సుఖమే, ఒక్క చిక్కు తప్ప. సరిచేసుకోవాల్సింది ఒక నాగలిని కాదు, రెంటిని. ఆపుడు బోల్టులు కుడికొకటి, ఎడమకొకటి. ఒకటి కుదిరి రెండోది కుదరకపోతే పోయిన సాళ్లు ఒక లోతు, వచ్చిన సాళ్లు ఒక లోతు. అలాంటి పొలాన్ని సాయంత్రం ఎండ ఏటవాలుగా పడేటప్పుడు చూడాలి. ఎంత గొప్పగా దున్నానని చెప్పుకున్నా ఆ వెలుతురు దాచదు.

ముందరి కర్రు కోసే వెడల్పు కూడా ఇలాగే బయటపడుతుంది. వెనక కర్రు ఎప్పుడూ ముందరి దాని పక్కనే నడుస్తుంది కనుక దాని వెడల్పు మారదు. ముందరిది మాత్రం కిందటి సారి తీసిన చాలు అంచు నుంచి ఎంత దూరంలో నడిస్తే అంత కోస్తుంది. ఆ దూరం ట్రాక్టర్ చక్రాల మధ్య ఎడం మీద ఉంటుంది, కొంత నాగలి చట్రాన్ని పక్కకు జరపడం మీద ఉంటుంది. ఎక్కువ కోస్తే ఒక పెళ్ల లావు, తక్కువ కోస్తే ఒక పెళ్ల బక్క. బాబాయి నాలుగు సాళ్లయ్యాక గట్టెక్కి, కళ్లు చికిలించి, పెళ్లల వరస చూస్తాడు. ఎత్తుపల్లాలు జంటలు జంటలుగా కనిపిస్తే దిగివచ్చి చట్రం జరుపుతాడు. అన్నీ ఒకే ఎత్తున ఉంటే ఎవరు ఎక్కడ దున్నారో చెప్పలేం. ఏది పోయిన సాలో ఏది వచ్చిన సాలో పోల్చలేకపోవడమే ఈ పనిలో నిగ్గు.

దీనికి పోటీలు పెట్టే దేశాలున్నాయి. ప్రపంచ దుక్కి పోటీ మొదటిసారి 1953లో కెనడాలోని కోబర్గ్‌లో జరిగింది. మొదటి చాలు ఎంత తిన్నగా తెరిచారు, గడ్డి ఎంత బాగా కప్పారు, సాళ్లు ఎంత సమంగా ఉన్నాయి, చివర ఎలా ముగించారు అని న్యాయనిర్ణేతలు చేలో నడిచి మార్కులు వేస్తారు. వేగానికి మార్కుల్లేవు. మన తిరునాళ్లలో ఎడ్ల బండలాగుడుకు ఇసకేస్తే రాలనంత జనం. చాలు అందం చూడ్డానికి గుమిగూడిన జనాన్ని నేనింకా చూడలేదు.

టైర్లలో గాలి రెండు పక్కలా సమంగా ఉండటం, చెక్ చైన్లు నాగలి లేచినప్పుడు ఊగనంత బిగువుగా, పనిలో కాస్త ఆడేంత వదులుగా ఉండటం, ఇవన్నీ చెయ్యకపోతే మిగతాది వృథా. కానీ వీటికి కళ్లుంటే చాలు, నేర్పు అక్కర్లేదు. నేర్పు అక్కరపడేది హైడ్రాలిక్ లివర్ల దగ్గర. ఒక లివరు నాగలిని చెప్పిన ఎత్తులో నిలబెడుతుంది. రెండోది నేల లాగుడును బట్టి నాగలిని తనంతట తానే కాస్త ఎత్తీ దించీ సర్దుతుంది. చెలకలో రెండోదాన్ని ఒకచోట కుదిరిస్తే సాఫీగా పోయింది. పొలం సగం దాటి రేగడి తగలగానే లాగుడు పెరిగి, నాగలి దానంతట అదే పైకి తేలింది. లోతు బెత్తెడు తగ్గింది. బాబాయి గేరు మార్చి, లివరు గంటు ఒకటి దించాడు.

రేగడికి వచ్చేముందు, చెలకలో ఒక సాలు మధ్యన ఆయన చేసిన పని చెప్పాలి. స్టీరింగ్ మీది నుంచి రెండు చేతులూ తీసేసి, తలపాగా విప్పి మొహం తుడుచుకుని, మళ్లీ చుట్టుకున్నాడు. తొందరేమీ పడలేదు. ఆ కాసేపూ ట్రాక్టర్ ఇటు గానీ అటు గానీ లాగలేదు, చక్రం చాలు గోడ పక్కనే నడిచింది. నాగలి ట్రాక్టర్‌ను వెనక్కి లాగే గీత కుదరకపోతే బండి ఒక పక్కకు గుంజుతూనే ఉంటుంది, నడిపేవాడి భుజాలు సాయంత్రానికి పడిపోతాయి. ఆయన నాకు చూపించాలని చెయ్యలేదు. నేను గట్టు మీద ఉన్నానన్న సంగతే మరిచినట్టున్నాడు.

పొద్దు గూకేవేళకు నాగలి ఇంటికొచ్చింది. నాలుగు రెక్కలూ వెండి పళ్లేల్లా మెరుస్తున్నాయి. ఆ మెరుపు అందానికి కాదు. తుప్పు పట్టిన రెక్కకు మట్టి అంటుకుంటుంది, ముఖ్యంగా రేగడి. అంటుకున్న మట్టి మీద వచ్చే మట్టి జారదు, తిరగబడదు, ముద్దగా పక్కకు నెట్టుకుపోతుంది. ఒక్క వాన రాత్రి చాలు, నునుపంతా పోతుంది. బాబాయి వాడేసిన ఇంజనాయిలు డబ్బా, పాత బ్రష్షు తెచ్చి ఒక్కో రెక్కకూ పట్టించాడు, కర్రు కొన నుంచి పై అంచు దాకా, మట్టి జారిన దారినే. ఆయన అవతలి వైపుకు వెళ్లినప్పుడు నేను ఆగలేక ఒక రెక్క మీద వేలితో రాసి చూశాను. నూనె చెరిగి వేలి మందాన గీత పడింది. తిరిగొచ్చి చూశాడు. ఏమీ అనలేదు, బ్రష్షు ముంచి ఆ గీత మీద ఇంకోసారి పూశాడు.