భుజాన్ని అడగాలి

టెక్సస్‌లో నేను వెళ్లే షూటింగ్ రేంజిలో తూటాలు సొంతంగా నింపుకునేవాళ్లు నలుగురు చేరితే చాలు, వాదన ఇత్తడి మీదికి మళ్లుతుంది. కేసులు, అంటే తూటాల ఇత్తడి తొడుగులు, పేలిన ప్రతిసారీ అనీలింగ్ చేసేవారు ఒకరు, మూతి చీలేదాకా వాడి అవతల పారేసేవారు ఇంకొకరు. ఇద్దరిదీ మంచి గురే. అందుకే ఆ వాదన తెగదు.

రైఫిల్ కేసు 70 పాళ్లు రాగి, 30 పాళ్లు జింకు కలిసిన ఇత్తడి. పేలినప్పుడు మెడ ఉబ్బి ఛాంబర్ గోడకు ఆనుతుంది. మనం దాన్ని డైలోకి దూర్చి మళ్లీ సన్నం చేస్తాం. ఉబ్బి, నలిగి, ఉబ్బి, నలిగి ఇత్తడి గట్టిపడుతుంది. మెడనూ, దాని కింద వాలుగా ఉండే భుజాన్నీ సరైన వేడికి తెస్తే మెత్తబడి మళ్లీ దారికొస్తుంది. అనీలింగ్ అంటే అదే.

ఎన్ని పేలుళ్లకు ఒకసారి? చాలామంది మూతి చీలే దాకా ఆగుతారు. నన్నడిగితే అది ఆఖరి లక్షణం. అంతకు ముందే భుజం చెబుతుంది. నా .308 రైఫిల్‌కి డైలో భుజం అంగుళంలో వెయ్యో వంతులు రెండు వెనక్కి జరిగేలా బిగించుకుంటాను. బిగింపు ముట్టుకోకపోయినా, పేలుళ్లు పెరిగేకొద్దీ కాలిపర్ ఒక కేసుకు ఒకటే చూపిస్తుంది, ఇంకో కేసు అసలు కదలనే లేదంటుంది. గట్టిపడ్డ ఇత్తడి డైలోంచి బయటికి రాగానే మళ్లీ పాత చోటికి లేస్తోందన్నమాట. నేను మంట వెలిగించేది అప్పుడే. జింకల వేటకు నింపుకునే నాలాంటివాడికి అది మూడు నాలుగు పేలుళ్లకు వస్తుంది. వెయ్యి గజాల పోటీలకు వెళ్తూ, ఇండక్షన్ యంత్రం కొనుక్కున్నవాళ్లు ప్రతిసారీ చెయ్యడంలో తప్పేమీ లేదు. చేత్తో టార్చ్ పట్టుకుని ఒక కేసును ఎక్కువ, ఒకదాన్ని తక్కువ కాల్చేవాళ్లు మాత్రం ఎంత తరచుగా చేస్తే అంత చెడగొట్టుకుంటారు.

వేడి అడుగుదాకా పాకితే ఇంకా ప్రమాదం. .308లో చదరపు అంగుళానికి 60 వేల పౌండ్ల దరిదాపు ఒత్తిడిని తట్టుకోవాల్సింది ఆ అడుగే. అది మెత్తబడిందంటే ఆ కేసుకిక మందు లేదు, నలిపి పారెయ్యడమే. నీళ్లలో ముంచితే మళ్లీ గట్టిపడుతుందని కొందరి నమ్మకం. అది ఉక్కు గుణం. ఇత్తడికి నీళ్లు చల్లార్చడానికి మాత్రమే.

అనీలింగ్‌తో సడలించకుండా లోహంలో మిగిలిపోయిన బిగువు ఎంత పని చేస్తుందో బ్రిటిష్ ఇండియా సైన్యం చూసింది. గుర్రపుశాలల్లో దాచిన తూటాలు వానాకాలంలో వాటంతటవే పగిలేవి. గుర్రాల మూత్రంలోంచి లేచే అమోనియా, ఇత్తడిలోని బిగువు కలిసి చేసిన పని అదని 1921లో మూర్, బెకిన్‌సేల్, మల్లిన్‌సన్ తేల్చారు. అమోనియా కలిసిన మెరుగు ద్రావణాన్ని కేసుల దగ్గరికి రానివ్వనిది అందుకే.

పేలుళ్ల లెక్క వేరైన కేసులను ఒకే డబ్బాలో కలపను. లాపువా కంపెనీ కొత్త కేసుల మెడ మీద ఫ్యాక్టరీలో అనీలింగ్ చేసినప్పటి మరక నీలంగా కనిపిస్తూనే ఉంటుంది. వాటిని మొదటి పేలుడుకు ముందు మళ్లీ మంటకు చూపించను.