పడకా పనీ: ‘లస్ట్ స్టోరీస్’లో సుధ

అనురాగ్ కశ్యప్, జోయా అఖ్తర్, దిబాకర్ బెనర్జీ, కరణ్ జోహార్ తలా ఒక కథ తీయగా 2018లో నెట్‌ఫ్లిక్స్‌లో విడుదలైన హిందీ చిత్రం ‘లస్ట్ స్టోరీస్’. స్త్రీ కోరికను చర్చకు పెట్టడం ఆహ్వానించదగిందే. అయితే కోరికకూ వర్గం ఉంటుందన్న వాస్తవాన్ని సూటిగా పట్టుకున్నది జోయా అఖ్తర్ కథ ఒక్కటేనని నా అభిప్రాయం.

నగరపు ఫ్లాట్‌లో ఒంటరిగా ఉండే ఉద్యోగి అజిత్. అతనింట్లో పనిచేసే సుధ (భూమి పెడ్నేకర్). కథ వాళ్ల పడకతోనే మొదలవుతుంది. ఆ వెంటనే ఆమె నేల తుడుస్తూ కనిపిస్తుంది. తర్వాత అతని తల్లిదండ్రులు వస్తారు, సంబంధం కుదురుతుంది. పెళ్లిమాటలు సాగుతుంటే టీ కాచి అందించేది సుధే. అజిత్ ఆమెను తిట్టడు, కొట్టడు. ఆమెవైపు చూడటం మానేస్తాడు, అంతే. యజమాని అధికారానికి అంతకుమించి శ్రమ అక్కర్లేదు.

దీన్ని విఫలప్రేమ గాథ అంటే నేనొప్పుకోను. ప్రేమ విఫలం కావాలన్నా ముందు ఇద్దరూ సమానంగా నిలబడాలి. ఇక్కడ ఒకరి జీతం మరొకరి చేతిలో ఉంది. సుధ నోరు విప్పితే పోయేది ప్రియుడొక్కడే కాదు, పని కూడా.

అయితే దర్శకురాలు ఆ మౌనం దగ్గరే ఆగిపోయింది. సుధ ఇల్లు, ఆమె జీతం, ఆమెలాంటి వాళ్ల ఐక్యత తెరమీదికి రావు. చివరికి ఆ పెళ్లి మిఠాయి ఆమె చేతికీ వస్తుంది, తింటుంది. తిన్న తర్వాతి కథ రాయవలసిన బాధ్యత మన రచయితలది.