చేపలిచ్చి చదువు చెప్పిన గురువు

క్రీ.శ. 3వ శతాబ్దం, బాబిలోనియా. ఒక ఊళ్ళో వానల్లేవు. సూరా విద్యాపీఠాన్ని స్థాపించిన మహాపండితుడు అబ్బా అరీఖా ఆ ఊరికి వచ్చాడు. ఆయన్ని యూదులు గౌరవంగా ‘రవ్’ అంటారు. ఆయన ఉపవాసం ప్రకటించినా చినుకు పడలేదు. అప్పుడు ఆ ఊళ్ళో ప్రార్థన చదివే మనిషి ముందుకొచ్చి నిలబడ్డాడు. గాలిని వీయించే దేవుణ్ణి తలిస్తే గాలి వీచింది. వాన కురిపించే దేవుణ్ణి తలిస్తే వాన కురిసింది. నువ్వు చేసే పనేమిటని రవ్ ఆశ్చర్యంగా అడిగాడు. చిన్నపిల్లలకు చదువు చెబుతానన్నాడతను. ఉన్నవాళ్ళ పిల్లలకూ లేనివాళ్ళ పిల్లలకూ ఒకేలా చెబుతానని, ఇచ్చుకోలేనివాళ్ళ దగ్గర ఏమీ పుచ్చుకోనని చెప్పాడు. తనకో చేపల చెరువుందని, చదవనని మొరాయించే పిల్లలకు ఆ చేపలిచ్చి, బుజ్జగించి దారికి తెచ్చుకుంటానని కూడా చెప్పాడు.

యూదుల ప్రాచీన ధర్మచర్చల గ్రంథమైన తల్మూద్‌లో ఉపవాసాల గురించిన భాగంలో ఉందీ కథ. పసిపిల్లల గురువుకు దక్కిన ప్రశంసల్లో ఇంతకన్నా గొప్పది నేను చదవలేదు. ఆ గురువు పాండిత్యం గురించి ఇందులో ఒక్క మాటా లేదు. ఎంతమంది శిష్యులు పైకొచ్చారన్న లెక్కా లేదు. లేనివాళ్ళ పిల్లల కోసం, చదువంటే ఇష్టంలేని పిల్లాడి కోసం ఏం చేశాడన్నదే ఉంది. అది బయటపడింది కూడా రవ్ నోరు తెరిచి అడిగాడు కనకనే. మంచి గురువును గుర్తించడమంటే ముందు వెళ్ళి అడగడం.

యూదుల సంప్రదాయంలో ఈ గౌరవం వెనక పెద్ద చరిత్రే ఉంది. మొదట్లో తండ్రే కొడుక్కి చదువు చెప్పేవాడు. తండ్రిలేని పిల్లలకు చదువు లేకుండా పోయింది. అందుకని జెరూసలేములో గురువుల్ని పెట్టారు. అక్కడికీ తండ్రి ఉన్నవాడే రాగలిగాడు. తర్వాత ప్రాంతానికో బడి పెట్టి పదహారు, పదిహేడేళ్ళ కుర్రాళ్ళను చేర్చుకున్నారు. గురువు కోప్పడితే వాళ్ళు ఎదురుతిరిగి వెళ్ళిపోయేవారు. చివరికి 1వ శతాబ్దంలో ప్రధాన యాజకుడు యెహోషువా బెన్ గమ్లా ఊరూరా గురువుల్ని నియమించి, ఆరేడేళ్ళ వయసులోనే పిల్లల్ని బడిలో వేసే పద్ధతి తెచ్చాడు. ఆయనే లేకపోతే తమ ధర్మశాస్త్రం మరుగునపడిపోయేదని తల్మూద్ కృతజ్ఞతగా చెప్పుకుంటుంది.

ఊరికే గౌరవించి ఊరుకోలేదు, లెక్కలు కూడా కట్టారు. ఒక గురువుకు 25 మంది పిల్లలు. 40 మంది అయితే ఊరి ఖర్చుతో ఒక సహాయకుణ్ణి ఇవ్వాలి. 50 మంది అయితే ఇద్దరు గురువులుండాలి. 4వ శతాబ్దపు పండితుడు రవా చెప్పిన లెక్క ఇది. నేటి ఇజ్రాయెల్ కిండర్‌గార్టెన్లలో ఒక్కో గదిలో 35 మంది వరకూ ఉంటారంటే ఆ పాత లెక్క విలువ తెలుస్తుంది.

తల్మూద్‌లో అదే చోట మరో వాదం ఉంది. ఒక గురువు చాలా చెబుతాడు, కానీ తప్పుల్ని పట్టించుకోడు. ఇంకొకరు కొంచెమే చెబుతారు, శ్రద్ధగా చెబుతారు. ఎవర్ని పెట్టుకోవాలి? తప్పులు వాటంతటవే పోతాయి, మొదటివాణ్ణే పెట్టండి అన్నాడు రవా. ఒకసారి దూరిన తప్పు పోదు, శ్రద్ధగలవాణ్ణే పెట్టండి అన్నాడు నెహర్దెయా వాడైన పండితుడు దిమి. పసిపిల్లల విషయంలో నా ఓటు దిమికే.

రవ్ దగ్గరికే మళ్ళీ వద్దాం. షమూయేల్ బార్ షేలత్ అనే బడిపంతులుకు ఆయన చెప్పిన సలహాల్లో కొన్ని నేటి ఉపాధ్యాయ శిక్షణలోనూ పనికొస్తాయి. ఆరేళ్ళు నిండకుండా చేర్చుకోవద్దన్నాడు. కొట్టక తప్పకపోతే చెప్పు తాడుతో తప్ప దేనితోనూ కొట్టొద్దన్నాడు. ఎంత చెప్పినా చదువు రాని పిల్లాణ్ణి వెళ్ళగొట్టకుండా, తోటివాళ్ళకు తోడుగా కూర్చోనివ్వమన్నాడు. ఈ చివరి మాట నాకెంతో ఇష్టం. ఆ పంతుల్నే ఒకసారి తోటలో చూసి, పిల్లల్ని వదిలేశావా అని రవ్ నిలదీశాడు. ఈ తోట ముఖం చూసి పదమూడేళ్ళయింది, ఇప్పుడూ నా మనసు పిల్లల మీదే ఉంది అన్నాడు పంతులు.

మధ్యయుగాల్లో రైన్ నదీతీరపు యూదులు చదువు మొదలుపెట్టే రోజును పండగ చేశారు. షవువోత్ పండగనాడు పిల్లవాణ్ణి బట్టలో చుట్టి ఎత్తుకెళ్ళి గురువు ఒడిలో కూర్చోబెట్టేవారు. గురువు పలక మీది అక్షరాల్ని మొదటినుంచి చివరికీ, చివరినుంచి మొదటికీ పలికించేవాడు. తర్వాత ఆ పలక మీద తేనె రాస్తే పిల్లవాడు నాకేవాడు. తేనె రొట్టె, ఉడికించిన గుడ్డు పెట్టేవారు. 1320 ప్రాంతంలో తయారైన లైప్‌జిగ్ మహ్జోర్ అనే ప్రార్థన గ్రంథంలో ఈ దృశ్యం బొమ్మగా ఉంది. పళ్ళెంలో బియ్యం పోసి అక్షరాభ్యాసం చేయించే మనకు ఇది కొత్తగా అనిపించదు.

ప్రశ్న అడిగించడం ఈ సంప్రదాయంలో మరో నేర్పు. పస్కా పండగ రాత్రి భోజనంలో ఇంట్లో చిన్నవాడే ప్రశ్నలు అడగాలి. వాడు నిద్రపోకుండా ఉండాలని ప్రాచీన పండితుడు రబ్బీ అకీవా పిల్లలకు వేయించిన గింజలు, అక్రోట్లు పంచిపెట్టేవాడట. చేతులతో చేయిస్తూ నేర్పడం ఇంకొకటి: ఈనాటి యూదు ప్రీస్కూళ్ళలో శుక్రవారం పిల్లలు ‘హల్లా’ రొట్టె పిండి పిసికి, విశ్రాంతి దినమైన సబ్బాతు దీపాలు, పాటలతో వారం ముగిస్తారు. పాఠంగా చెబితే రానిది పిండి అంటిన చేతులకు వస్తుంది.

ఆ చేతుల్ని నమ్మిన గొప్ప గురువు మల్కా హాస్. బెర్లిన్‌లో పుట్టి, ఇజ్రాయెల్‌లోని స్దే ఎలియాహు అనే సమష్టి గ్రామంలో (కిబ్బుట్జ్) పసిపిల్లలకు టీచరైంది. కిబ్బుట్జ్‌లో వాడి పారేసిన సామాన్లు, గిన్నెలు, పనిముట్లు, యంత్రాల భాగాలు ఆరుబయట పోగేసి పిల్లల్ని ఆడుకోనిచ్చింది. బొమ్మలు కాదు, పెద్దవాళ్ళు నిజంగా వాడిన వస్తువులు. పిల్లలు వాటితోనే ఇల్లు, బండి, ఓడ కట్టుకునేవారు. టీచరు పక్కన నిలబడి చూసేది, అవసరమైతేనే చెయ్యి వేసేది. ఇలా చూస్తూ నిలబడటం కూడా పెద్ద పనేనని బయటివాళ్ళకు నమ్మకం కుదరదు. పసిపిల్లల టీచర్లకు గుర్తింపు దక్కకపోవడానికి అసలు కారణం ఇదేనని నా అభిప్రాయం.

అమెరికాలో యూదు విద్యకు ఇచ్చే పేరున్న బహుమతి కవనెంట్ అవార్డు. ఏటా ముగ్గురు విద్యావేత్తలకు ఇస్తారు. నగదు 36,000 డాలర్లు. వారి సంస్థకు మరో 5,000.  పెద్దపిల్లల టీచర్లు, మతగురువులైన రబ్బీలు, సంస్థల నాయకులు ఉన్న వరసలో మూడేళ్ళ పిల్లల టీచరు పని కనబడటం కష్టం. ఆమె చేతిలో పరీక్ష ఫలితాలుండవు, గ్రంథాలుండవు. ఏడుస్తూ వచ్చి నవ్వుతూ వెళ్ళిన పిల్లాడు ఉంటాడు. అందుకని పసిపిల్లల విద్యకు విడిగా బహుమతి ఉండితీరాలి. న్యాయనిర్ణేతలు ఆమె గదిలో ఒక పూటైనా కూర్చుని చూడాలి.

అమెరికాలో యూదుల కమ్యూనిటీ సెంటర్లు నడిపే ప్రీస్కూళ్ళు చాలావరకు అన్ని మతాల పిల్లల్నీ చేర్చుకుంటాయి. అక్కడున్న తెలుగు తల్లిదండ్రులకు నాదొక మనవి. మీ పిల్లాడు అలాంటి బడిలో ఉంటే, ఇవాళ సాయంత్రం తీసుకెళ్ళడానికి వెళ్ళినప్పుడు టీచర్ని ఆగి అడగండి: బడికి రానని ఏడ్చినప్పుడు మా వాణ్ణి ఎలా లోపలికి తెచ్చుకున్నారు? ఆమె చెప్పింది ఉత్తరంగా రాసి, ఆ బడి పెద్దలకు మీ పేరుతో పంపండి.