జీలుగ దున్నే అదును

యాసంగి వరి కోసినంక మా గరిడేపల్లి చుట్టుపక్కల పొలాల్లో రెండు పనులు కనిపిస్తాయి. కొందరు కొయ్యకాళ్లకు నిప్పు పెడతారు. కొందరు తొలి జల్లు కోసం చూసి, పచ్చిరొట్టగా నేలలో కలియదున్నడానికి జీలుగ చల్లుతారు. నేను ఈ రెండో వాళ్ల పక్షం.

ఎకరాకు 12 కిలోల దాకా విత్తనం పడుతుంది. 45 రోజులకు నడుమెత్తు పెరిగి పూతకు వస్తుంది. ఒక మొక్కను మెల్లగా పీకి చూడండి, వేళ్లకు చిన్న చిన్న బుడిపెలుంటాయి. గోటితో చిదిమితే లోపల ఎర్రగా ఉందా, అది బాగా పనిచేస్తున్నట్టే. అందులోని రైజోబియం అనే సూక్ష్మజీవి గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకిస్తుంది. మొక్క తన ఆకుల్లో చేసుకున్న చక్కెరను దానికి పెడుతుంది. యూరియా బస్తా కోసం లైన్లో నిలబడే రోజుల్లో ఈ బుడిపెలను చూస్తుంటే నాకు ఎంతో గౌరవం కలుగుతుంది.

దున్నే అదును మాత్రం తప్పకూడదు. "పూత మీదున్నప్పుడే దున్నాలె బిడ్డా, ముదిరితే కట్టెయితది" అని మా పక్క పొలం పెద్దాయన ప్రతి ఏడూ హెచ్చరిస్తాడు. లేత రొట్టలో నత్రజని ఎక్కువ, నార తక్కువ. ముదిరిన కాడను కుళ్లబెట్టాలంటే సూక్ష్మజీవులు మట్టిలో ఉన్న నత్రజనినే ముందు తాము వాడుకుంటాయి. నాటిన వరి కొన్నాళ్లు పసుపు పచ్చగా వెలవెలబోతుంది.

అదునులో కలియదున్ని నీళ్లు నిలిపితే మన వేడికి లేత రొట్ట వారం పది రోజుల్లో మెత్తబడిపోతుంది. ఈ వేగం అన్ని చోట్లా ఉండదు. ఫిన్లాండ్ చలి అడవుల్లో రాలిన సూది ఆకు కుళ్లడానికి ఏళ్లు పడుతుంది, అక్కడి సారమంతా నేల మీద మందపాటి పొరగా పేరుకుంటుంది. అమెజాన్‌లో ఆకు రాలడమే ఆలస్యం, కుళ్లిపోతుంది, వేళ్లు దాన్ని పీల్చేస్తాయి. అక్కడి సారంలో చాలా భాగం చెట్లలోనే ఉంటుంది, అందుకే అడవి నరికి వేసిన పంట కొన్నేళ్లకే నీరసిస్తుంది. మన నల్లమలలో ఎండాకాలం రాలిన ఆకు వానలు పడేదాకా గలగలలాడుతూ అట్లాగే ఉంటుంది. ఆకు ఎలాంటిదైనా, దాని గతిని ఎక్కువగా తేల్చేవి వేడి, తడి.

ఆ తడి ఒకే అక్షాంశం మీద కూడా అన్ని చోట్లా ఒకేలా దొరకదు. గరిడేపల్లి దాదాపు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. అదే గీత పట్టుకుని పడమటికి పోతే కొంకణ తీరాన రత్నగిరి తగులుతుంది. సముద్రపు మబ్బులు సహ్యాద్రికి తగిలి పైకి లేచి చల్లబడతాయి కాబట్టి అక్కడ ఏడాదికి 3000 మిల్లీమీటర్లు దాటి వాన కురుస్తుంది. కొండలు దాటి మన దాకా వచ్చేసరికి మబ్బులో తడి తగ్గిపోతుంది, మనకు దక్కేది 800 దరిదాపు. ఇంకా పడమటికి, ఆఫ్రికాలో ఇంచుమించు ఇదే గీత మీదున్న టింబక్టుకు 200 కూడా కష్టమే. అక్కడ సహారా ఇసుక మొదలవుతుంది.

కాబట్టి మనది పుట్టుకతో మెట్ట. తుమ్మ, రేగు, మోదుగ పెరిగే నేల, జొన్న, ఆముదం పండిన నేల. 1967 ఆగస్టు 4న నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలారు. లాల్ బహదూర్ పేరున్న ఎడమ కాలువ ఈ మెట్టను మాగాణి చేసింది. కొంగలు, కప్పలు, నాచు, నీటి పురుగులు, మిర్యాలగూడ మిల్లులు అన్నీ ఆ నీటి వెంటే వచ్చాయి. జీవులను, మట్టినీ నీటినీ గాలినీ కలిపి ఒకే వ్యవస్థగా చూడాలని 1935లో టాన్స్‌లీ అనే ఆంగ్లేయ వృక్షశాస్త్రవేత్త రాశాడు. ఆ మాటకు మన మడి కంటే మంచి ఉదాహరణ నాకు కనబడదు.

నీళ్లు కాలువ తెచ్చింది, సారాన్ని మాత్రం ఏ కాలువా తేదు. వరి మొక్క తీసుకున్న పొటాష్‌లో ఎక్కువ భాగం గడ్డిలోనే ఉంటుంది. గడ్డిని కాలిస్తే నత్రజని, గంధకం పొగలో పోతాయి, పై మట్టిలోని జీవాలు మాడిపోతాయి. రెండు కార్లు వరి గుంజుకునే నేలకు ఆ నష్టం చిన్నది కాదు. నిప్పు పెట్టేవాళ్లను తిట్టడం మాత్రం నాకు ఇష్టం లేదు. హార్వెస్టర్ వదిలిన గడ్డిని కట్టలు కట్టించడానికి ఖర్చవుతుంది, కూలీలు దొరకరు. జీలుగకైతే తొలి జల్లుకూ నాటుకూ మధ్య ఆ 45 రోజులు దొరకాలి. జూన్ నడిమికి విత్తనం చేతికొస్తే ఆ లెక్క కుదరదు. రాయితీ జీలుగ మే నెలలోనే మండలానికి చేరాలి, చల్లిన రైతు నేలను గడ్డిపల్లి కృషి విజ్ఞాన కేంద్రం లాంటి చోట మూడేళ్లకోసారైనా పరీక్ష చేసి, సేంద్రియ కర్బనం ఎంత పెరిగిందో అతనికి కాగితం మీద చూపించాలి.