స్టీరాయిడ్లకు లొంగని ఉబ్బసము — ఒక ప్రయోగము, దాని హద్దులు

ఉబ్బసములో శ్వాసనాళముల వాపును స్టీరాయిడ్లు చాలమందిలో అణచును, కొందరిలో అణచజాలవు. ఇందుకు కారణమును వెదకుచు అమెరికాలో మెకిన్లీ, కోల్స్ మున్నగువారు చేసి, 2008లో ప్రకటించిన ప్రయోగము మెచ్చదగినది.

వారు స్వంత టి కణములు లేని చుంచెలుకలలో కొన్నిటికి టి.హెచ్.2 కణములను, కొన్నిటికి టి.హెచ్.17 కణములను ఎక్కించి, ఊపిరితిత్తులకు గ్రుడ్డుసొనలోని మాంసకృత్తును తగిలించిరి. మొదటివానిలో ఇయోసినోఫిల్ అను తెల్లకణములు చేరినవి; డెక్సామెథసోన్ అను స్టీరాయిడ్ వానిని తగ్గించినది. రెండవవానిలో న్యూట్రోఫిల్ కణములు చేరినవి. అదే మందు వానిని తగ్గింపలేకపోయినది. వాపునకు పిలుపునిచ్చు కణము మారినచో మందు ఫలితమును మారునని దీనివలన తేలినది. ఎక్కించిన కణములలో మాత్రమే భేదముంచి పోల్చుట ఈ ప్రయోగములోని గుణము.

మరి లోపమెచ్చట? చుంచెలుకకు ఒకే రకపు కణములను ఎక్కింపవచ్చును. రోగి శరీరములో పలురకములు కలిసి పనిచేయును. టి.హెచ్.17 కణములు పంపు ముఖ్య సంకేతము ఇంటర్‌ల్యూకిన్-17. దానిని అందుకొను గ్రాహకమును మూసివేయు బ్రొడాలుమాబ్ అను మందును 302 మంది ఉబ్బస రోగులలో పరీక్షించి, 2013లో ఫలితములు ప్రకటించిరి. మొత్తముమీద మేలు కనబడలేదు.

అంతమాత్రమున చుంచెలుకల ప్రయోగము తప్పనుట తొందరపాటు. ఆ రోగులను ఈ సంకేతము హెచ్చుగా ఉన్నవారినే ఏరి తీసికొనలేదు. వాపునకు ఇట్టి దారి యొకటి కలదని చుంచెలుక చూపినది. ఏ రోగిలో వాపు ఆ దారిన వచ్చినదో తెలుపలేదు. ఫలితమును చదువు విద్యార్థి, అది ఎవరిలో కనబడినదని కూడ అడుగవలెను.