వీడియో ఫుట్‌బాల్‌లో గోల్‌కీపర్ పాత్ర: ఔచిత్య విచారం

ఫుట్‌బాల్ వీడియో ఆటలో తక్కిన క్రీడాకారులను ఆడేవాడు నడిపిస్తాడు. గోల్‌కీపర్‌ను చాలావరకు ప్రోగ్రామే నడిపిస్తుంది. మద్దిలపాలెం విద్యార్థి సెల్‌ఫోన్‌లో ఓడినప్పుడు కీపర్‌ను నిందించడం ఇందువల్లనే. తన పొరపాటుతో ఓడినవాడు మళ్లీ ఆడతాడు; తన ప్రమేయం లేని పొరపాటుతో ఓడినవాడు ఆటనే శంకిస్తాడు.

కీపర్‌ను మెరుగుపరచడమంటే వేగం పెంచడమేనన్న అభిప్రాయం సమంజసం కాదు. బంతి కాలు వదిలిన క్షణమే దాని గమ్యాన్ని ప్రోగ్రామ్ లెక్కకట్టగలదు. అన్నింటినీ ఆపే కీపర్‌ను నిర్మించడం కష్టం కాదు. అప్పుడు ఆటే మిగలదు. కనుక అసలు సమస్య కీపర్‌కు ఎంత తెలియనివ్వాలి, ఎలా తప్పు చేయనివ్వాలి అన్నది.

మానవ కీపర్ తప్పుకూ ఒక తీరు ఉంది. మైకేల్ బార్-ఎలీ బృందం 2007లో ప్రచురించిన అధ్యయనంలో 286 పెనాల్టీలను పరిశీలించగా, 93.7 శాతం సందర్భాల్లో కీపర్లు ఏదో ఒక పక్కకు దూకారు. మధ్యలో నిలిచి ఉంటే ఆపే అవకాశం ఎక్కువని తేలింది. లెక్క ప్రకారం నిలబడే కీపర్ తెలివైనవాడే కాని, కీపర్‌లా కనిపించడు.

క్షేమేంద్రుని ఔచిత్య సిద్ధాంతం ఇక్కడ కొలబద్ద కాగలదు. హైదరాబాదులో జన్మించిన పీటర్ తంగరాజ్ 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచిన భారత జట్టు కీపర్, ఆజానుబాహుడు. అటువంటి పాత్ర తలపైకి వచ్చే తేలిక బంతిని వదిలేస్తే అనౌచిత్యం. నేలబారు బంతికి వంగడంలో క్షణం ఆలస్యమైతే ప్రేక్షకుడు అంగీకరిస్తాడు. ఫిఫా ఆటల్లో డైవింగ్, హ్యాండ్లింగ్, రిఫ్లెక్సెస్ వంటి విడివిడి అంకెలు కీపర్ సామర్థ్యాన్ని చెబుతాయి. అతడు ఎప్పుడు తటపటాయిస్తాడో, రక్షకుల గుంపు వెనుక బంతి కనబడనప్పుడు ఏమి చేస్తాడో ఆ అంకెలు చెప్పవు.